కథాముఖమున ఒక మాట

ఒకరు సృష్టించిన పాత్రలను వేరొకరు ప్రేమించి, మూలకథలో లేని క్రొత్త బ్రదుకును వానికి కల్పించి వ్రాయు కథలకు ఆంగ్లమున ఫ్యాన్ ఫిక్షన్ అని పేరు. మేము దీనిని అభిమానకథ యని వ్యవహరించెదము. పేరు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. పదుమూడవ శతాబ్దమున, పాలమూరు సీమలోని వర్ధమానపురము రాజధానిగా ఏలిన గోన వంశమువాడగు బుద్ధారెడ్డి ద్విపదలో రంగనాథ రామాయణమును రచించినాడు. అందు వాల్మీకి చెప్పని కథలు పెక్కు కలవు. తపస్సు చేయుచున్న శూర్పణఖ కుమారుడు జంబుకుమారుడు లక్ష్మణుని చేతిలో, చంపినవానికే తెలియకుండ, హతుడగుట. నిద్రాదేవి లక్ష్మణుని విడిచి ఊర్మిళను ఆశ్రయించుట. ఇంద్రజిత్తు భార్య సులోచన మగని తల తెచ్చుకొని సహగమనము చేయుట - ఇవి యన్నియు, మూలమును మిక్కిలి ప్రేమించినవాడు మూలము మౌనము వహించిన చోట్ల తాను నోరు విప్పి చెప్పినవి. ఈ దృష్టితో చూచినచో తెలుగు రామాయణములలో తొలివానిలో నొకటియైన ఆ గ్రంథము అభిమానకథయే. మన జిల్లాలవారు ఈ ప్రక్రియను పరదేశపు వింతగా చూడ నక్కరలేదు.

అయితే నేడు ఈ పని చేయువారు రాజకవులు కారు. కళాశాలలలో చదువుకొను బాలికలు, ఉద్యోగము ముగించుకొని రాత్రివేళ సెల్‌ఫోనులో వ్రాయు యువకులు, పిల్లలను నిదురపుచ్చిన పిమ్మట వ్రాయు గృహిణులు దీనిని పెంచుచున్నారు. 2014లో మొదలైన ప్రతిలిపి వంటి తావులలో తెలుగు కథలు అనుదినము వెలువడుచున్నవి. 2015, 2017 సంవత్సరములలో రెండు భాగములుగా వచ్చిన బాహుబలి చిత్రములోని పాత్రల మీదను, 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. చిత్రములోని పాత్రల మీదను దేశదేశముల అభిమానులు కథలు వ్రాసినారు. ఆర్.ఆర్.ఆర్. తానే యొక అభిమానకథ వంటిది. 1924లో అమరుడైన అల్లూరి సీతారామరాజును, 1940లో అమరుడైన కొమురం భీమును, చరిత్రలో కలిసికొనని యిద్దరిని, స్నేహితులను చేసిన కల్పన అది. దానిపై మరల కల్పన చేయువారిని తప్పుపట్టుటకు ఎవరికి నోరాడును?

ఈ రచయితలను చదువరులు ఒక కోరిక కోరుచున్నారు. కథలో బలాత్కారము, బాలలపై దౌష్ట్యము, ఆత్మహత్య, క్రూరహింస మొదలగు సంగతులున్నచో, పాతగాయములు గల చదువరి వానివలన ఒక్కసారిగా కలత చెందకుండునట్లు, కథకు ముందే ఒక పంక్తిలో తెలుపుడని ఆ కోరిక. అట్టి గుర్తును ట్యాగు అందురు. దీనిని గూర్చి వాదములు పుట్టినవి. సాహిత్యమునకు ముందుగా క్షమాపణ చెప్పించుట యని కొందరును, రసభంగమని కొందరును, చదువరులను పసిపిల్లలను చేయుట యని మరికొందరును అనుచున్నారు. కోరువారును ఒక్కొక్కప్పుడు హద్దు మీరి, దుఃఖమున్న కథను వ్రాయుటయే నేరమన్నట్లు మాటలాడుచున్నారు. మేము ఈ కోరికను విమర్శకుని దృష్టితో పరిశీలింపదలచితిమి. ఇది న్యాయమైన కోరిక యనియు, తక్కిన రచయితలకంటె అభిమానకథకునికే ఈ విధి యెక్కువగా వర్తించుననియు మా అభిప్రాయము. దానికి కారణమును అభిమానకథ యొక్క స్వభావములోనే వెదకవలెను.

వానలు కురియనియెడల విరాటపర్వము చదివించు ఆచారము తెలుగుసీమలో కలదు. వానకై మొగము వాచిన పల్లెలు గల మా ప్రాంతమువారికి ఆ ఆచారము నెరిగింప నక్కరలేదు. ఆ పర్వమున కీచకుడు సైరంధ్రిని వెంబడించుటయు, నిండుకొలువులో ఆమెను కాలదన్నుటయు ఉన్నవి. ఒక స్త్రీపై జరుగు దౌర్జన్యమును అంత దీర్ఘముగా చెప్పిన ఘట్టమును, ముసలివారు, ఇల్లాండ్రు, పిల్లలు గూడిన సభలో వినిపించుచున్నను ఎవరును అదరిపడుట లేదు. ఎందువలన? కీచకుడు వచ్చుచున్నాడని సైరంధ్రికంటె ముందుగా శ్రోతలకు తెలియును. నర్తనశాలలో చీకటిమాటున భీముడు వేచియున్నాడనియు తెలియును. వినలేని యామె ఆ ఘట్టమునకు ముందే లేచి నీళ్లకు పోవచ్చును. వినగలిగిన యామె భీముని నమ్ముకొని కూర్చుండును. గరుడపురాణమును మరణాశౌచపు దినములలో చదివించుకొని, తక్కిన దినములలో ఇంట చదువుటకు జంకుట అందరు నెరిగినదే. అందలి నరకవర్ణన లెట్టివో ఆ గ్రంథము పేరే చెప్పుచున్నది. పరిచితమైన కథకు దాని పేరే హెచ్చరిక. ఆ హెచ్చరికను ఎవరును వ్రాయనక్కరలేదు; తరతరముల శ్రవణము దానిని వ్రాసి పెట్టినది.

అభిమానకథకుడు చేయునదేమి? ఆ పేరునే ఉంచి, త్రోవను మార్చును. మార్చుటయే అతని కళ. కాని త్రోవ మారిన క్షణముననే ఆ పాత హెచ్చరిక చెల్లకపోవును. సైరంధ్రి పేరు చూచి చదువరి లోపలికి వచ్చును. క్రొత్త కథలో భీముడు రాకపోవచ్చును. సీత పేరు చూచి వచ్చినవానికి అశోకవనములో వాల్మీకి జరుగనీయని ఘోరము ఎదురుపడవచ్చును. తాను చిన్ననాటినుండి ఎరిగిన యిల్లు కదా యని నమ్మి, దీపము లేకుండ చీకటిలో నడచివచ్చినవాడు, గృహస్థు క్రొత్తగా త్రవ్వించిన గోతిలో పడినట్లగును. నూయి త్రవ్వించుకొనుట గృహస్థుని హక్కే. గట్టున ఒక దీపము పెట్టుట మాత్రము వచ్చువారిపట్ల అతనికిగల ధర్మము. అపరిచితమైన క్రొత్త నవలను చేతబట్టు చదువరి ఏమగునో యని జాగ్రత్తతోనే ఉండును. పరిచితమైన పేరు ఆ జాగ్రత్తను సడలించును. ఇతరులు సంపాదించి పెట్టిన నమ్మకమును అప్పుగా తెచ్చుకొని వ్రాయువాడు, ఆ అప్పునకు ఈ మాత్రపు వడ్డీ యైనను చెల్లింపవలెను.

మన భాషలో పురాణములను తిరుగవ్రాసిన ఆధునికులు ఈ ధర్మమును తమకు తెలిసియో తెలియకయో పాటించినవారే. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో వెలువరించిన నాటకమునకు శంబుకవధ యని పేరు పెట్టినారు. వధ యను మాట పేరులోనే యున్నది. రంగనాయకమ్మగారు 1974 మొదలుగా ప్రకటించిన గ్రంథమునకు రామాయణ విషవృక్షము అని పేరు. భక్తికొరకు దానిని పొరపాటున తెరచువారుండరు. ఓల్గాగారికి 2015వ సంవత్సరపు సాహిత్య అకాడెమీ పురస్కారము తెచ్చిన విముక్తలో సీత శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలిసికొనును. ఆ సంపుటమునకు పెట్టిన పేరే అది నడచు దిక్కును చూపుచున్నది. అచ్చుపుస్తకమునకు అట్ట యుండును, పీఠిక యుండును, ప్రకాశకుని పేరుండును, కొనుటకు ముందు తిరుగవేసి చూచు అవకాశముండును. ఇవి యన్నియు మౌనముగా హెచ్చరికలే. నేటి అభిమానకథ యిన్ని తలుపులు దాటి రాదు. అది ఒంటరిగా, రాత్రివేళ, అరచేతిలో తెరచుకొనును. పోయిన ఆ తలుపులకు బదులుగా ఒక పంక్తిని వ్రాయుమనుట పెద్ద కోరికయా?

ఇక రసభంగమను ఆక్షేపణ. దీనికి భవభూతికంటె గొప్ప ఉత్తరము ఇచ్చువారు లేరు. ఉత్తరరామచరితము అభిమానకథలకు శిరోభూషణము. వాల్మీకమున సీత భూమిలోనికి పోయినది. ఎనిమిదవ శతాబ్దపు ఆ మహాకవి దానిని ఓర్వలేక సీతారాములను మరల కలిపినాడు. మేము చెప్పదలచినది అంతమును మార్చిన సంగతి మాత్రమే కాదు. ఆ నాటకమున రెండుచోట్ల, తమ దుఃఖమును తామే కళారూపమున చూచువారి అవస్థను కవి వర్ణించినాడు. మొదటి అంకమున లక్ష్మణుడు గోడమీది చిత్తరువులను చూపుచుండగా, శూర్పణఖ బొమ్మ కంటబడగనే సీత బెదరి, పతితో ఎడబాటు మరల వచ్చినదే యనునట్లు పలుకును. ఇది చిత్రమే సుమా యని రాముడు ఆమెను ఓదార్చును. ఏడవ అంకమున గంగాతీరమున వాల్మీకి కూర్చిన నాటకమును అప్సరసలు ఆడుచుండగా, పరిత్యక్తయైన సీత గంగలో పడు ఘట్టమున రాముడే తాళలేక లేచిపోవును. అప్పుడు లక్ష్మణుడు ఇది నాటకమని గుర్తుచేయును. ఐనను రాముడు మూర్ఛిల్లక మానడు.

ఈ రెండు ఘట్టములలోను చూడదగిన దొకటి కలదు. చిత్తరువు అందరికిని చిత్తరువే; సీతకు మాత్రము అది చిత్తరువు కాదు. నాటకము అయోధ్యాపౌరులకు నాటకమే; రామునికి మాత్రము కాదు. రాముడు ధీరోదాత్తుడు, అతనిని దుర్బలచిత్తుడని ఎవరును అనరు. అనుభవించినవానికిని, వినినవానికిని నడుమ నున్న భేదము అది. ఒక కథను చదివి తట్టుకొనలేనివారిని సుకుమారులని పరిహసించువారు ఈ అంకమును మరియొకసారి చదువుదురు గాక.

అనుభవించినవాని యెడ రసము పుట్టదని మన ఆలంకారికులును చెప్పినారు. వేయేండ్ల క్రిందట కాశ్మీరమున నుండిన అభినవగుప్తుడు నాట్యశాస్త్రమునకు వ్రాసిన అభినవభారతిలో రసానుభవమునకు ఏడు విఘ్నములను లెక్కించినాడు. ఇది నాకే సంభవించినది, నా దేశకాలములందే జరుగుచున్నది యని ప్రేక్షకుడు తలపోయుట వానిలో నొకటి. తన సొంత సుఖదుఃఖములకు వశుడై మనసు కదలింపలేకపోవుట మరియొకటి. కరుణము రసముగా నుండవలెనన్న, చూచువాని సొంత శోకమును అది త్రవ్విపోయరాదు. త్రవ్విన మరుక్షణమున అది రసము కాదు, శోకమే. ఇట్టి విఘ్నములను తొలగించుటకు నాటకకర్తలకు ఉన్న సాధనములలో పూర్వరంగమును, ప్రస్తావనను ఆయన చెప్పినాడు. సూత్రధారుడు వచ్చి ఇది ఫలాని కవి నాటకమని, ఇందలి వస్తువిదియని పలుకుట రసమునకు అడ్డము కాదు. అదియే రసమునకు వాకిలి. పదవ శతాబ్దపు దశరూపకము వధను, యుద్ధమును రంగముపై ప్రత్యక్షముగా చూపక సూచనగా తెలుపుమని శాసించినది. మేమంత దూరము పోము. వర్ణింపుడు, కాని ప్రస్తావనను మానకుడు. కథాముఖమున వ్రాయు పంక్తి సూత్రధారుని మాటకు నేటి రూపమని మా తాత్పర్యము.

ఇంతవరకు శాస్త్రము. ఇక చదువరులెవరో చూతము. అభిమానకథ నల్లగొండలో చదువబడునపుడు, దానిని చదువు కన్నులు ఏమేమి చూచినవి? 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధపోరాటమున రజాకారుల వలనను, ఆ పిమ్మట సైనికచర్యల వలనను ఈ పల్లెల స్త్రీలు పడిన బాధలు అనేకుల యిండ్లలో నేటికిని గొంతు తగ్గించి చెప్పుకొను మాటలు. పాలమూరు ప్రాంతమున బాలికలను ఎల్లమ్మ పేర జోగినులుగా విడిచిన దురాచారమును 1988లో శాసనము చేసి నిషేధించిరి. ఆ జీవితమును గడపినవారు, వారి బిడ్డలు మన నడుమనే ఉన్నారు. ఎల్లమ్మ యనగా రేణుక. కొడుకుచేతనే శిరస్సు ఖండింపబడిన తల్లి. ఆమె కథను తిరుగవ్రాయువాడు, ఆ పేరున తన బాల్యమును పోగొట్టుకొన్న చదువరిని తలచుకొనకుండుట యెట్లు? అప్పుల బాధకు ప్రాణము తీసికొన్న రైతుల యిండ్లు రెండు జిల్లాలలోను కలవు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులము మీరి వివాహమాడినందుకు ఒక యువకుని చంపించిరి. ఆ భయమును ఎదలో మోయుచు ప్రేమకథలు చదువుకొను జంటలు ఎందరో. వీరికి సాహిత్యము వలదనుట లేదు. తమ గాయముపై చేయి వేయబోవునప్పుడు, వేయుచున్నానని చెప్పి వేయుమనుచున్నాము.

మా తరగతిలో జరిగిన చిన్న సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. ఇష్టమైన పాత్రను తీసికొని ఒక కథ వ్రాయుడనగా, ఒక బాలిక ఊర్మిళను గూర్చి వ్రాసి తెచ్చి చదివినది. బాగుగానే వ్రాసినది. పదునాలుగేండ్ల నిద్ర యను కల్పనను ఆమె అంగీకరింపక, ఒంటరితనము భరింపలేని ఊర్మిళ ప్రాణత్యాగమునకు పూనుకొన్నట్లు చిత్రించినది. ఆ మాట వినగనే వెనుక వరుసలోని మరియొక బాలిక లేచి వెలుపలికి పోయినది. ఆమె తండ్రి ఆ యేడే ఆ విధముగా పోయినాడని తరగతిలో సగముమందికి తెలియదు. కథ వ్రాసిన పిల్ల మరునాడు ఎవరును చెప్పకయే తన కాగితపు తలకట్టున ఒక పంక్తి చేర్చినది: ఇందులో ఊర్మిళ చావదలచు ఘట్టమున్నది. కథలో ఒక్క అక్షరమును మార్చలేదు. వెలుపలికి పోయిన పిల్ల వారము గడచిన పిమ్మట ఆ కాగితమును తానే అడిగి తీసికొని, ఇంటివద్ద చదివి తెచ్చినది. ఊర్మిళ చివరకు బ్రదికినందుకు సంతోషించితినని రచయిత్రితో చెప్పినది. హెచ్చరిక చదువరిని పోగొట్టునని భయపడు రచయితలకు ఈ పిల్లలే సమాధానము.

అయినను ప్రతిపక్షుల మాటలలో బలమున్న వానిని దాటిపోరాదు. మొదటిది ఆశ్చర్యరసము. 2015లో బాహుబలి మొదటి భాగము, కట్టప్ప చేతిలో బాహుబలి మరణించుటతో ముగిసి, రెండేండ్లు దేశమంతటను ఒకే ప్రశ్నను ఆడించినది. ముఖ్యపాత్ర మరణించునని ముందే చెప్పియున్నచో ఆ ప్రశ్న ఉండునా యని యందురు. ఉండును. ప్రజలు రెండేండ్లు తలచినది ఎవరు చచ్చిరని కాదు, ఎందుకు చంపెనని. ఇందు హత్య కలదను పంక్తి చంపువాని పేరును, కారణమును, వేళను చెప్పదు. ఇంకను శంకించు రచయితకు విదేశీయులు ఒక మార్గము చూపినారు. 2009లో తెరువబడి, అభిమానకథలకు పెద్ద భాండాగారమై, 2019లో హ్యూగో పురస్కారము పొందిన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అను గ్రంథాలయమున నాలుగు విషయములకు మాత్రము ముఖ్యమైన హెచ్చరికలున్నవి: క్రూరహింసావర్ణన, ముఖ్యపాత్రమరణము, బలాత్కారము, పిన్నవయస్కుల లైంగికప్రసక్తి. వానిని చెప్పుట ఇష్టము లేని రచయిత, హెచ్చరికలు చెప్పదలచుకొనలేదని వ్రాయవచ్చును. అదియు ఒక హెచ్చరికయే. ఈ వాకిట దీపము లేదని చెప్పుటయు దీపము వంటిదే. రచయిత స్వాతంత్ర్యమునకును, చదువరి జాగ్రత్తకును ఇంతకంటె సులువైన సంధి మాకు తోచుట లేదు.

రెండవది మనశ్శాస్త్రజ్ఞుల మాట. ఇట్టి హెచ్చరికలపై జరిగిన పరిశోధనలను ఒకచో చేర్చి పరిశీలించిన వ్యాసము 2023లో వెలువడినది. హెచ్చరిక చదివినందువలన పిదప కలుగు బాధ తగ్గలేదనియు, చదువుటకు ముందటి కలవరము కొంత పెరిగినదనియు, దానిని చూచి చదువుట మానినవారును అంతగా లేరనియు తేల్చిరి. హెచ్చరికను మందుగా అమ్మజూచువారికి ఇది గట్టి దెబ్బ. మేము దానిని మందని చెప్పుట లేదు. ఇంటికి వచ్చిన అతిథికి వంటలో కారమెక్కువని చెప్పుదుము. చెప్పుటవలన కారము తగ్గదు, అతిథి తినుటయు మానకపోవచ్చును. అయినను చెప్పుట మర్యాద. తినుట అతని ఇష్టమునుబట్టి జరుగుట ముఖ్యము. ఇచ్చటను అంతే. తెలిసి చదివినవాడు బాధపడినను మోసపోలేదు.

మూడవ ఆక్షేపణ మాకు అన్నిటికంటె బరువైనది. ఈ హెచ్చరిక రేపు తాళము కాదా? మన యిండ్లలో ఆడుపిల్లలు నవలలు చదువరాదని ఆంక్ష పెట్టిన కాలము ఎంతో దూరమున లేదు. హెచ్చరికపంక్తిని చూచి తండ్రియో, అన్నయో, భర్తయో పుస్తకమును లాగికొనుట కది సాకు కావచ్చును. ప్రభుత్వమును దానిని పట్టుకొని నిషేధములకు పూనుకొనవచ్చును. చలనచిత్రములకు ధ్రువపత్రము లుండుటయు, అంతర్జాలమున చూపు చిత్రములకు వయోవిభాగమును, విషయసూచనను 2021 నియమములలో చేర్చుటయు మనమెరుగుదుము. అవి రాజశాసనములు. మేము కోరునది రచయిత మర్యాద. రెంటికి భేదము స్పష్టముగా నుండవలెను. హెచ్చరిక చదువరికి చెప్పు మాట, చదువరి సంరక్షకునికి కాదు. దానిని చూచి చదువుటయో మానుటయో చదువు నామె నిర్ణయము. స్త్రీలు చదువరాదనియో, బలహీనులు చదువరాదనియో వ్రాయుట హెచ్చరిక కాదు, అవమానము. మరియు, విషయము చెప్పినంతమాత్రమున కథ దుష్టమైనదని ఎంచరాదు. హెచ్చరిక వ్రాసినవానిని శిక్షించు సమాజమున ఎవడును హెచ్చరిక వ్రాయడు. అందువలన నష్టపడువారు గాయపడిన చదువరులే.

ఇప్పుడు వ్రాయబడుచున్న హెచ్చరికలను విమర్శింపవలెనన్న, వానిలో మూడు దోషములు మాకు కనబడినవి. మొదటిది అస్పష్టత. సున్నితమైన విషయములు కలవని వ్రాయుదురు. ఏవి సున్నితములో చెప్పరు. పోవలసినవారికి పోవు దారి తెలియదు, రావలసినవారికి జంకు పుట్టును. రెండవది ఆడంబరము. గుండెదిటవు గలవారే చదువుడని సవాలు చేయుదురు. అది హెచ్చరిక రూపమున నున్న దండోరా. ఒకరి దుఃఖమును సంతసరకు చేయుట. మూడవది అతివిస్తారము. ఉరుము, పాము, చీకటి యని పేజీ నింపినచో, బలాత్కారమను మాట ఆ గుంపులో కానరాకపోవును. హెచ్చరిక రెండు పంక్తులకు మించరాదు. విషయమును దాని పేరుతోనే చెప్పవలెను. కథలో ప్రస్తావన మాత్రమున్నదా, వర్ణన యున్నదా తెలుపవలెను; గడచినదానిని ఒక మాటలో తలచుకొనుటకును, జరుగుచుండగా చూపుటకును ఎంతో భేదము కలదు. తీర్పు చెప్పరాదు, క్షమాపణ కోరరాదు.

విదేశీయుల పట్టికను యథాతథముగా తెచ్చుకొనుటయు మాకు సమ్మతము కాదు. వారి నాలుగు విషయములలో కులావమానమునకు చోటులేదు. మన చదువరులలో ఎందరికో అన్నిటికంటె లోతైన గాయము అదియే. బావి వద్ద, బడిలో, పెండ్లిపందిరిలో పొందిన అవమానమును, ఆ తిట్టు మాటలతోనే, ఒక రాజకుమారుని కథలో నడుమ చదువవలసివచ్చిన వాని మనసు ఏమగును? కర్ణుని కథను, ఏకలవ్యుని కథను, శంబుకుని కథను తిరుగవ్రాయువారు ఈ సంగతిని తప్పక తలపవలెను. కనుక తెలుగు అభిమానకథకులు బలాత్కారము, బాలలపై దౌష్ట్యము, ఆత్మహత్య, క్రూరహింస అను వానితో పాటు కులదూషణ, పరువుహత్య, శిశుమరణము అను మూడింటిని చేర్చుకొన్నచో పట్టిక మనదగును. ఏడు మాటల పట్టికను మోయలేని కథ ఉండదు.

జంబుకుమారుడు పొదలో తపస్సు చేయుచుండగా, లోపల మనుష్యుడున్నాడని ఎరుగక లక్ష్మణుడు కత్తి విసరినాడు. చంపవలెనని కాదు, తెలియక. ఆ కల్పనను చేసిన పాలమూరు కవి, ఆయుధము పట్టినవాడు చూడని పొదలోను ప్రాణమున్నదని ఏడువందల యేండ్ల క్రిందటనే చెప్పిపోయినాడు. అభిమానకథకులారా, మీ కత్తిని ఒరలో పెట్టుకొనుమని మేమడుగుట లేదు. విసరుటకు ముందు, పొదలో నున్నవారికి వినబడునట్లు ఒక్క కేక వేయుడు.